ఉపకారమా, వేతనమా? – చికాగో ఉపాధ్యాయిని కేథరిన్ గాగిన్ కృషి

కొలువు చాలించిన వృద్ధులకు నెలనెలకు ముట్టెడి పైకమును తెలుగువారు మూడు పేర్లతో వ్యవహరించుచు వచ్చిరి. మొదటిది పింఛను. ఇది ఆంగ్లము ద్వారా వచ్చిన పదము. దీనికి మూలమైన లాటిను ధాతువునకు తూచుట, తూచి చెల్లించుట అని అర్థము. రెండవది ఉపకార వేతనము. మూడవది విశ్రాంతి వేతనము. ఇందు రెండవ పదమును కొంచెము నిదానించి చూడవలసియున్నది. ఉపకారమనగా ఇయ్యవలసిన బాధ్యత లేనివాడు దయతో ఇచ్చునది. వేతనమనగా చేసిన పనికి న్యాయముగా రావలసినది. ఉపకారమైనచో అది వేతనము కాదు. వేతనమైనచో ఉపకారము కాదు. అయినను ఈ రెండు మాటలును ఒకే సమాసములో ఇమిడి చాలకాలము కలిసి నడచినవి. నేడు ఈ పదము విద్యార్థులకిచ్చు ధనసాహాయ్యమునకే ఎక్కువగా వాడబడుచున్నను, ఒకప్పుడు పింఛనునకును ఇదియే పేరు.

ఈ సమాసములోని వైరుధ్యము భాషకు మాత్రమే చెందినది కాదు. ఉపాధ్యాయుని జీవితమున ఇది చిరకాలముగా నెలకొనియున్నది. మన వీధిబడి పంతులు దసరా పండుగనాళ్లలో పిల్లలను వెంటబెట్టుకొని ఇంటింటికిని పోయి మామూళ్లు పుచ్చుకొనెడివాడు. ఆ యిచ్చుటలో గౌరవము కలదు, ఆప్యాయము కలదు. కాని అడుగుటకు హక్కు లేదు. ఇచ్చినవాడు దాత, పుచ్చుకొన్నవాడు ప్రతిగ్రహీత. ‘బతకలేక బడిపంతులు’ అను సామెత పుట్టుటకు ఇట్టి స్థితియే కారణమై యుండును. పనిచేయు దినములలోనే బ్రతుకు ఇట్లుండగా, కన్ను మందగించి, గొంతు సన్నగిలి, బడి విడిచిన తరువాత ఆయన గతి యేమి అను ప్రశ్నకు ఆ వ్యవస్థలో సమాధానము లేదు.

ఈ ప్రశ్ననే పందొమ్మిదవ శతాబ్దము చివర అమెరికా దేశపు చికాగో నగరమున ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయినులు వేసికొనిరి. సమాధానమును వారే వెదకిరి. వారికి నాయకత్వము వహించినవారిలో మార్గరెట్ హేలీ పేరు విద్యాచరిత్ర చదివినవారికి పరిచితమే. ఆమెకు తోడుగా, కొన్ని సందర్భములలో ఆమెకు ముందుగా నడచిన కేథరిన్ గాగిన్ పేరు అంతగా వినబడదు. హేలీ వ్రాసికొన్న స్వీయచరిత్ర ఆమె మరణానంతరము, 1982లో, గ్రంథముగా వెలువడినది. గాగిన్ అట్టి గ్రంథమును వ్రాయలేదు. కాగితముపై తమ కథను వ్రాసికొననివారు చరిత్రలో వెనుకబడుట సామాన్యము. 1916 జనవరి 4వ తేదీన ఆమె మరణించినది మొదలు నేటికి నూరేండ్లు దాటినవి. ఉపాధ్యాయుల విశ్రాంతి వేతనమునకై ఆమె చేసిన కృషిని, ఆ కృషిలో బయటపడిన సూక్ష్మమును ఈ వ్యాసమున వివరింపదలచితిమి. విశ్రాంతి వేతనమును చట్టములో వ్రాయించుకొన్నంత మాత్రమున అది నిలువదనియు, దానిని సంపాదించుకొన్నవారే దాని లెక్కలను, దాని మూలధనమును, దాని పాలనను కనిపెట్టియుండవలెననియు ఆమె జీవితము చెప్పుచున్నదని మా అభిప్రాయము.

పూర్వరంగము

1871లో జరిగిన మహాగ్నిప్రమాదమున చికాగో నగరములో పెద్ద భాగము బూడిదయైనది. అయినను ఇరువది యేండ్లు తిరుగకమునుపే అది అమెరికాలోని మహానగరములలో ఒకటియైనది. 1890లో నగర జనసంఖ్య సుమారు 11 లక్షలు. 1900 నాటికి అది 17 లక్షలకు చేరినది. రైలుమార్గములు, మాంసపు కర్మాగారములు, ఉక్కు పరిశ్రమలు ఐరోపా నలుమూలలనుండి కూలిజనమును రప్పించినవి. వారి బిడ్డలలో పెక్కుమందికి ఇంటి భాష ఒకటి, బడి భాష మరియొకటి. ఒక్కొక్క తరగతిలో ఏబదిమంది, అంతకు మించిన పిల్లలు కూర్చుండెడివారు. ఆ తరగతులను నడిపినవారు దాదాపు అందరును స్త్రీలే. వారిలో ఐరిషు వలసకుటుంబముల ఆడపడుచులు అనేకులు. గాగిన్ కూడ అట్టి కుటుంబములోనిదే. 1855లో న్యూయార్కు రాష్ట్రమున జన్మించి, బాల్యమున చికాగో చేరి, అక్కడనే చదివి, 1870వ దశకపు తొలి సంవత్సరములలో ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయినిగా ప్రవేశించెను. రెండు దశాబ్దములకు మించి ఆమె చిన్నతరగతుల పిల్లలకు చదువు చెప్పెను.

ఆ కాలమున ప్రాథమిక ఉపాధ్యాయిని గరిష్ఠ జీతము సంవత్సరమునకు సుమారు 800 డాలర్లు. దాదాపు ఇరువది సంవత్సరములపాటు ఆ మొత్తములో చెప్పుకొనదగిన మార్పు లేదు. ఉన్నత పాఠశాలలలో బోధించినవారికిని, ప్రధానోపాధ్యాయులకును జీతము ఇంతకంటె చాల ఎక్కువ. ఆ దేశమున అనేక నగరములలో వివాహమైన స్త్రీని ఉపాధ్యాయినిగా ఉంచుకొనెడి ఆచారము లేదు. కావున జీవితమంతయు బడికి అంకితము చేసిన స్త్రీకి వార్ధక్యమున భర్త యొక్క రాబడి గాని, బిడ్డల యొక్క అండ గాని తరచుగా ఉండెడిది కాదు. ఆమె మిగిల్చుకొన్న కొద్దిపాటి ధనమే ఆమెకు దిక్కు. తల్లిదండ్రులను, తోబుట్టువులను పోషించుచు వచ్చినవారికి ఆ కొద్దిపాటి ధనము కూడ మిగిలెడిది కాదు. చేతగాని వయస్సులో బడికి పోవుటయో, బంధువుల పంచ చేరుటయో తప్ప వారికి మూడవ మార్గము లేకుండెను.

1895వ సంవత్సరపు చట్టము

ఉపాధ్యాయులు చందాలు వేసికొని రోగులకు, మృతుల కుటుంబములకు సాయపడు సంఘములు అమెరికాలో అంతకు మునుపే కలవు. అవి స్వచ్ఛంద సంఘములు. చట్టబద్ధమైన పింఛను నిధి న్యూయార్కు నగరములో 1894లో ఏర్పడినది. మరుసటి యేడు, 1895లో, ఇల్లినాయి రాష్ట్ర శాసనసభ చికాగో ఉపాధ్యాయులకు పింఛను చట్టమును చేసినది. ఇంగ్లండులో ప్రాథమిక ఉపాధ్యాయుల విశ్రాంతి వేతన చట్టము వచ్చినది 1898లో. దీనినిబట్టి చికాగో ప్రయత్నము ఎంత తొలినాటిదో గ్రహింపవచ్చును.

ఆ చట్టములోని ముఖ్యాంశములు ఇవి. ప్రతి ఉపాధ్యాయుని జీతమునుండి నూటికి ఒకటి చొప్పున తగ్గించి నిధిలో చేర్చవలెను. స్త్రీలు 20 సంవత్సరములు, పురుషులు 25 సంవత్సరములు పనిచేసిన పిమ్మట విశ్రాంతికి అర్హులగుదురు. వారికి జీతములో సగము, అయితే సంవత్సరమునకు 600 డాలర్లకు మించకుండ, జీవితాంతము చెల్లించవలెను.

పైకి ఇది ఉదారమైన చట్టముగనే కనబడును. కాని లెక్క వేసి చూచినచో దానిలోని లోపము తెలియును. ఏటికి 800 డాలర్ల జీతము గల ఉపాధ్యాయినిని తీసికొందము. ఆమె నిధికి ఏటేట చెల్లించునది 8 డాలర్లు. ఇరువది యేండ్లకు అది 160 డాలర్లగును. విశ్రాంతి పొందిన పిమ్మట ఆమెకు ఏటికి రావలసినది 400 డాలర్లు. వడ్డీని విడిచి చూచినచో ఆమె తన సేవాకాలమంతయు కూడబెట్టినది అయిదు నెలలకు కూడ చాలదు. మిగిలిన సంవత్సరములకు కావలసిన సొమ్ము కొత్తగా చేరినవారి చందాలనుండియే రావలెను. నగరముగాని, విద్యామండలిగాని పన్నుల ధనమునుండి ఇందులో తమ వంతు వేయునట్టి యేర్పాటు లేదు. పుచ్చుకొనువారు కొద్దిమందియై, ఇచ్చువారు పెక్కుమందియై యున్నంతకాలము నిధి నిలుచును. ఆ నిష్పత్తి మారినప్పుడు కూలును.

చట్టమును వ్యతిరేకించినవారి వాదములోను కొంత న్యాయము లేకపోలేదు. ఏటికి 2,500 డాలర్లు పుచ్చుకొను ప్రధానోపాధ్యాయుడొకడు ఉన్నాడనుకొందము. అతడు ఏటేట 25 డాలర్లు చెల్లించును. అతని జీతములో సగము 1,250 డాలర్లు. కాని అతనికి లభించునది 600 మాత్రమే. అధిక వేతనము గలవారు తమ ధనముతో ఇతరులను పోషించుచున్నామని తలచుటకు ఇది కారణమైనది. చట్టమును రద్దు చేయించుటకో, సవరింపజేయుటకో వారిలో కొందరు ప్రయత్నము మొదలిడిరి. అల్ప వేతనము గల ఉపాధ్యాయినులకు ఈ చట్టమే వార్ధక్యమున ఆధారము. రెండేండ్ల క్రిందట పుట్టిన చట్టము రెండేండ్లలోనే పోవునా యను భయము వారిని ఒకచోట చేర్చినది. 1897 మార్చి మాసమున చికాగో ఉపాధ్యాయ సమాఖ్య ఏర్పడుటకు పింఛను చట్టమును కాపాడుకొనవలెనను ఈ సంకల్పము ప్రధాన కారణము. జీతముల పెంపు రెండవది. కొలది కాలములోనే ప్రాథమిక ఉపాధ్యాయినులలో సగమునకు మించినవారు సమాఖ్యలో చేరిరి.

గాగిన్ నాయకత్వము

గాగిన్ పింఛను చట్టమునకు అండగా నిలిచినవారిలో అగ్రగణ్య. 1899లో ఆమె సమాఖ్యకు అధ్యక్షురాలుగా ఎన్నుకొనబడెను. హేలీ ఆమెకు తోడై, 1900లో బడి విడిచి సమాఖ్య పనులను పూర్తికాలము చూచు బాధ్యతను స్వీకరించెను. అప్పటినుండి గాగిన్ మరణించువరకు, పదునారు సంవత్సరములు, వీరిద్దరి పేర్లను విడదీసి ఆ సమాఖ్య చరిత్రను చెప్పుట సాధ్యము కాదు.

నాయకత్వము చేపట్టిన కొలది మాసములలోనే వారికి పరీక్ష యెదురైనది. విద్యామండలి 1898లో ప్రాథమిక ఉపాధ్యాయినుల జీతమును అంచెలంచెలుగా 1,000 డాలర్లవరకు పెంచుటకు అంగీకరించియుండెను. మొదటి అంచె ముట్టిన తరువాత, నిధులు లేవను కారణముతో మండలి ఆ పెంపును వెనుకకు తీసికొనెను. పింఛనునకు దీనితో సంబంధమేమి యని అడుగవచ్చును. పింఛను జీతములో సగము. నిధిలో చేరునది జీతములో నూరవ వంతు. జీతము కదలనిచో ఆ రెండును కదలవు. కావున జీతమును రక్షించుట పింఛనును రక్షించుటయే.

ఇట్టి సందర్భమున సామాన్యముగా జరుగునది విజ్ఞాపన పత్రము సమర్పించుట, దయచూపుడని కోరుట. గాగిన్, హేలీలు మరియొక ప్రశ్న వేసిరి: నిధులు ఎందుకు లేవు? నగర ఆదాయమునకు మూలము పన్నులు. ఇల్లినాయి చట్టమును అనుసరించి వ్యాపార సంస్థలు తమ మూలధనముపైనను, ప్రజల వీథులను ఉపయోగించుకొనుటకు పొందిన ప్రత్యేకాధికారముల విలువపైనను పన్ను చెల్లింపవలసియున్నది. వీథులలో ట్రాములు నడుపు సంస్థలు, గ్యాసు, విద్యుచ్ఛక్తి, టెలిఫోను సరఫరా చేయు సంస్థలు ఇట్టి అధికారములను పొందియుండెను. పన్ను పత్రములను తిరుగవేయగా ఆ అధికారముల విలువపై పన్ను వేయబడుటయే లేదని తేలినది. వసూలు చేయవలసినదానిని వసూలు చేయక, నిధులు లేవని చిన్నతరగతుల ఉపాధ్యాయినుల జీతమును నిలిపివేసిరని దీని యర్థము.

1900లో వారిద్దరును బడికి సెలవు పెట్టి ఈ పనికి పూనుకొనిరి. దస్తావేజులు చూచుట, లెక్కలు తీయుట, రాజధానియైన స్ప్రింగ్‌ఫీల్డునకు పోయి పన్నుల విలువను సరిచూచు రాష్ట్ర మండలి యెదుట వాదించుట వారి నిత్యకృత్యమైనది. మండలి వినకపోగా న్యాయస్థానమునకు పోయిరి. 1901 అక్టోబరులో ఇల్లినాయి సర్వోన్నత న్యాయస్థానము వారి పక్షమున తీర్పు చెప్పి, ఆ సంస్థల అధికారముల విలువను లెక్కగట్టి పన్ను వేయవలసినదని రాష్ట్ర మండలిని ఆదేశించినది. సంస్థలు ఫెడరలు న్యాయస్థానమునకు పోయి పన్నును చాలవరకు తగ్గించుకొన్నవి. అయినను నగరమునకు సుమారు 6 లక్షల డాలర్లు అదనముగా సమకూరినవి. అందు విద్యామండలి వంతు సుమారు 2½ లక్షలు.

కథ ఇంతటితో ముగియలేదు. ఆ ధనము చేతికి రాగానే విద్యామండలి దానిని బొగ్గు ఖర్చులకు, మరమ్మతులకు కేటాయించినది. ఎవరి శ్రమవలన ఆ ధనము వచ్చినదో వారి జీతమునకు అందులో చోటు లేకపోయెను. సమాఖ్య మరల న్యాయస్థానమునకు పోయినది. 1904లో న్యాయమూర్తి ఎడ్వర్డు డన్ ఉపాధ్యాయినుల పక్షమున తీర్పు చెప్పెను. మరుసటి యేడు ఆయన నగరాధ్యక్షుడుగా ఎన్నుకొనబడెను. నాలుగు సంవత్సరముల పోరాటమునకు ఫలముగా నిలిపివేసిన పెంపు ఉపాధ్యాయినులకు దక్కినది.

ఈ ఘట్టమును విద్యాచరిత్రకారులు సాధారణముగా పన్నుల సంస్కరణకు ఉదాహరణముగా చెప్పుదురు. మేము దీనిని విశ్రాంతి వేతనపు చరిత్రలో భాగముగా చూచుచున్నాము. దానమును అడుగువాడు దాత ధనాగారమును పరిశీలింపడు. రావలసిన బాకీని అడుగువాడు మాత్రమే ఋణస్థుని లెక్కలను చూపుమనును. లెక్కల పుస్తకమును తెరచిన దినముననే చికాగో ఉపాధ్యాయినులు ఉపకారమను భావమును విడిచి వేతనమను భావమును చేపట్టిరి.

నిధి పతనము, పునరుద్ధరణము

ఈ పోరాటము సాగుచుండగనే పింఛను నిధికి దెబ్బ తగిలినది. 1901లో శాసనసభ చట్టమును సవరించి, నిధికి చందా చెల్లించుటను ఐచ్ఛికము చేసినది. అధిక వేతనము గలవారును, వార్ధక్యము ఇంకను దూరముగా నున్న యువతులును వైదొలగుటకు దారి యేర్పడినది. పైన చూపిన లెక్కనుబట్టి, కొత్తవారి చందాలు ఆగినచో నిధి నిలువదు. ఇచ్ఛ వచ్చినవారే చేరు నిధిలో అవసరము గలవారే మిగులుదురు. అవసరము గలవారే మిగిలిన నిధికి ఆయుర్దాయము తక్కువ. పింఛను వ్యవస్థలను గురించి చదువు విద్యార్థులకు ఈ యుదంతము ఒక పాఠము. స్వేచ్ఛ పేరిట చేసిన సవరణ ముసలివారి కంచమునకే అడ్డు వచ్చినది.

దీనిని సరిదిద్దుటకు ఆరేండ్లు పట్టినది. 1907లో వచ్చిన కొత్త చట్టము, కొత్తగా కొలువులో చేరు ఉపాధ్యాయులందరికిని చందాను మరల నిర్బంధము చేసినది. అంతకంటె ముఖ్యమైన మార్పు మరియొకటి కలదు. నిధిని పాలించు మండలిలో ఉపాధ్యాయులు ఎన్నుకొన్న ప్రతినిధులకు ఆధిక్యము లభించినది. తమ జీతమునుండి తీసిన ధనమును తామే కాచుకొను అధికారము వారికి వచ్చినదన్నమాట. చిన్నతరగతులకు బోధించు స్త్రీలు ఇట్టి నిధిని నిర్వహింపగలరాయని సందేహించినవారు ఆనాడు లేకపోలేదు. 1895లో పుట్టిన ఆ నిధి నామరూపములలో మార్పులు చెందినను నేటికిని నిలిచియున్నది.

ఈ విజయములు సిద్ధించిన కాలమున ఆ స్త్రీలకు శాసనసభ ఎన్నికలలో వోటు లేదన్న సంగతి మరువరాదు. వోటు లేనివారి మాటను శాసనసభ్యుడు వినవలసిన అగత్యమేమి? ఈ చిక్కును విడదీయుటకై 1902లో సమాఖ్య చికాగో కార్మిక సంఘముల సమాఖ్యతో చేరినది. కార్మికులు వోటర్లు; ఆ ఉపాధ్యాయినుల బడులలో చదువుకొనునది వారి బిడ్డలే. ఉపాధ్యాయిని కూలివానితో చేతులు కలుపుట వృత్తిగౌరవమునకు భంగమని పత్రికలు, పెద్దమనుషులు ఆక్షేపించిరి. గౌరవము పేరిట తక్కువ జీతమును, వార్ధక్యమున నిరాధారతను భరించుటకంటె ఆ యాక్షేపణను భరించుటయే మేలని సమాఖ్య నిశ్చయించుకొన్నది. ఇల్లినాయి స్త్రీలకు నగర ఎన్నికలలోను, దేశాధ్యక్షుని ఎన్నికలోను వోటు లభించినది 1913లో మాత్రమే.

ఈ మైత్రియే పిదప సమాఖ్యకు సంకటమైనది. 1915 సెప్టెంబరులో విద్యామండలి, కార్మిక సంఘములతో సంబంధము గల సమాఖ్యలో ఉపాధ్యాయులు సభ్యులుగా ఉండరాదని నియమము చేసినది. మండలి సభ్యుడైన జేకబ్ లోబ్ పేరున ఇది లోబు నియమమని ప్రసిద్ధమైనది. న్యాయస్థానములలో వాదములు నడచుచుండగనే, 1916 జనవరి 4వ తేదీన, వీథి దాటుచున్న గాగిన్‌ను ఒక మోటారు బండి ఢీకొన్నది. ఆమె ఆ ప్రమాదముననే మరణించెను. అప్పటికి ఆమె వయస్సు సుమారు అరువది. ఇతరుల విశ్రాంతికై పాటుపడిన ఆమెకు విశ్రాంతి దినములు దక్కలేదు.

ఆ సంవత్సరముననే అమెరికా ఉపాధ్యాయ సమాఖ్య స్థాపితమైనది. చికాగో సమాఖ్య దానికి మొదటి శాఖ. జూను మాసమున విద్యామండలి 68 మంది ఉపాధ్యాయులకు కొలువును పునరుద్ధరింప నిరాకరించెను. వారిలో సగమునకు పైగా సమాఖ్య సభ్యులు. 1917లో రాష్ట్ర సర్వోన్నత న్యాయస్థానము మండలికి ఆ యధికారము కలదని తీర్పు చెప్పినది. సమాఖ్య కార్మిక సంఘములనుండి వైదొలగవలసి వచ్చెను. ఆ సంవత్సరముననే వచ్చిన ఓటిస్ చట్టము, మూడేండ్ల పరీక్షాకాలము ముగిసిన ఉపాధ్యాయులకు ఉద్యోగ భద్రత కలిగించినది. సమాఖ్య ఓడినదో గెలిచినదో ఒక్క మాటలో చెప్పుట కష్టము. పింఛను నిధి మాత్రము నిలిచినది.

న్యాయస్థానముల యెదుట ఈ ప్రశ్న

గాగిన్ తరువాత ఇరువది యేండ్లకు, ఉపకారమా వేతనమా యను ప్రశ్న చికాగో వృద్ధోపాధ్యాయుల విషయముననే అమెరికా సర్వోన్నత న్యాయస్థానమునకు పోయినది. 1926లో ఇల్లినాయి శాసనసభ చేసిన ఒక చట్టము ప్రకారము కొలువు చాలించిన చికాగో ఉపాధ్యాయులకు ఏటికి 1,500 డాలర్లవరకు విశ్రాంతి భృతి లభించుచుండెను. ఆర్థిక మాంద్యపు దినములలో, 1935లో, దానిని 500 డాలర్లకు తగ్గించిరి. ఆ భృతిని నమ్మి కొలువు విడిచినవారు న్యాయస్థానము నాశ్రయించిరి. 1937లో వెలువడిన తీర్పు వారికి ప్రతికూలమైనది. ఆ చట్టము ఒప్పందము కాదనియు, శాసనసభ తాను ఇచ్చినదానిని తాను తగ్గింపవచ్చుననియు న్యాయస్థానము నిర్ణయించినది. హేలీ దీనిని చూచి, 1939 జనవరిలో మరణించెను.

ఆ తీర్పుతో వాదము ముగిసినట్లు తోచినను చరిత్ర అక్కడ ఆగలేదు. 1970లో ఆమోదింపబడిన ఇల్లినాయి కొత్త రాజ్యాంగము, ప్రభుత్వోద్యోగుల పింఛను సభ్యత్వము అనుల్లంఘనీయమైన ఒప్పందమనియు, దాని ఫలములను తగ్గింపరాదనియు స్పష్టముగ ప్రకటించినది. 2013లో శాసనసభ పింఛనులను తగ్గించుచు చేసిన చట్టమును ఈ నిబంధన ఆధారముగనే రాష్ట్ర సర్వోన్నత న్యాయస్థానము 2015లో కొట్టివేసినది. 1895లో నూటికి ఒక డాలరుతో మొదలైన వాదము నూట ఇరువది యేండ్లకు ఆ రాష్ట్రమున ఇట్లు స్థిరపడినది.

మన దేశమునను ఈ ప్రశ్న ఇదే క్రమమున నడచుట గమనింపదగినది. 1871వ సంవత్సరపు పింఛనుల చట్టము, ప్రభుత్వమిచ్చు పింఛనును గురించి సివిలు న్యాయస్థానములు అనుమతి లేనిదే విచారింపరాదని కట్టడి చేసినది. ఇచ్చువాడు ప్రభువు, పుచ్చుకొనువాడు ప్రజ యను భావమే అందు వ్యక్తమగుచున్నది. సరిగా నూరేండ్లకు, 1971లో, బీహారు విద్యాశాఖలో పనిచేసిన దేవకీనందన ప్రసాదు వ్యాజ్యమున భారత సర్వోన్నత న్యాయస్థానము, పింఛను ప్రభుత్వపు దయాభిక్ష కాదనియు, ఉద్యోగికి గల హక్కుయనియు తీర్పు చెప్పినది. ఈ తీర్పునకు విద్యాశాఖోద్యోగి వ్యాజ్యమే కారణమగుట ఉపాధ్యాయ లోకమునకు జ్ఞాపకముంచుకొనదగిన విషయము. 1982 డిసెంబరు 17వ తేదీన నకారా వ్యాజ్యమున అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఈ సిద్ధాంతమును మరింత విస్తరించినది. తీర్పును వ్రాసినవారు న్యాయమూర్తి డి. ఏ. దేశాయి, ధర్మాసనమున తెలుగువారైన ఓ. చిన్నపరెడ్డిగారు కూడ ఉండిరి. పింఛను గతమున చేసిన సేవకు ప్రతిఫలమనియు, కొలువు చాలించిన తేదీనిబట్టి పింఛనుదారులను రెండు తెగలుగా విభజించుట సమానత్వమునకు విరుద్ధమనియు ఆ తీర్పు సారాంశము. అప్పటినుండి డిసెంబరు 17 పింఛనుదారుల దినముగా పాటింపబడుచున్నది.

అయితే చట్టము నిచ్చిన భద్రత శాశ్వతము కాదన్న గాగిన్ అనుభవము మనకును తప్పలేదు. 2004 సెప్టెంబరు 1 మొదలుగా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ కొలువులో చేరినవారికి పాత పింఛను బదులు చందాతో కూడిన పింఛను విధానము ప్రవేశపెట్టబడినది. జీతమునుండి పదవ వంతు తీసి, ప్రభుత్వము తన వాటా చేర్చి, దానిని పెట్టుబడిగా పెట్టుట ఆ విధానపు స్వరూపము. పాత విధానమున వచ్చు పైకము ముందుగా నిశ్చితము. కొత్త విధానమున నిశ్చితమైనది చందా మాత్రమే. ఒకే బడిలో, ఒకే తరగతికి, ఒకే జీతముతో బోధించు ఇద్దరు ఉపాధ్యాయుల వార్ధక్యము కొలువులో చేరిన తేదీనిబట్టి రెండు విధములైనది. ఇందలి మంచిచెడ్డలను నిర్ణయించుట ఈ వ్యాసపు పరిధిలోనిది కాదు. కాని నిధిలో ఎవరి వంతు ఎంత, దానిని పాలించువారెవరు, నష్టము వచ్చినచో భరించువారెవరు అను మూడు ప్రశ్నలు 1895లో చికాగోలో ఎంత ముఖ్యమో ఇచ్చటను అంతే ముఖ్యము.

సమీక్ష

గాగిన్ కృషికి పరిమితులు లేకపోలేదు. ఆమె సమాఖ్య ప్రధానముగా ప్రాథమిక ఉపాధ్యాయినుల సంఘము. ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయులను, ప్రధానోపాధ్యాయులను అది తనలో కలుపుకొనలేదు. తొలి చట్టమున నిధికి ప్రజాధనపు వంతు లేకపోవుట గొప్ప లోపము. దానిని పూరించుటకు ఆమె తరమువారికి చాలకాలము పట్టినది. కార్మిక సంఘములతో కలిసిన మార్గము 1917లో మూసుకొనిపోయినది. ఇవి యన్నియు ఒప్పుకొన్న తరువాతకూడ, ఆమె సాధించినది అల్పము కాదు. ముసలి ఉపాధ్యాయిని పోషణ దయగలవారి మనస్సుపై ఆధారపడియుండగా, దానిని ఆమె జీతపు పట్టీకి, నగరపు పన్నుల చిట్టాకు, పాలకమండలి ఎన్నికకు ముడివేసినవారిలో గాగిన్ మొదటి వరుసలోనిది.

ఈ సందర్భమున పరిశోధక విద్యార్థులకు ఒక మనవి చేయుచున్నాము. తెలుగుదేశమున ఉపాధ్యాయ సంఘముల చరిత్ర ఇంకను సమగ్రముగ వ్రాయబడలేదు. పాత సభల కార్యవివరములు, విజ్ఞాపన పత్రములు, సంఘముల పత్రికలు, కొలువు చాలించిన ఉపాధ్యాయుల దినచర్యలు, పింఛను కాగితములు ఇండ్ల అటుకులమీద మ్రగ్గుచున్నవి. అవి సాహిత్యము కావని తలచి విడిచిపెట్టుట తగదు. పింఛను, ఉపకార వేతనము, విశ్రాంతి వేతనము అను పదములు ఏ కాలమున, ఏ కాగితములలో, ఎవరి నోట ఎట్లు మారినవో పరిశీలించినచో అది పదచరిత్రయు అగును, సంఘచరిత్రయు అగును. విజ్ఞాపనలో ‘ప్రార్థించుచున్నాము’ అని వ్రాసిన తరము ఏది, ‘కోరుచున్నాము’ అని వ్రాసిన తరము ఏది, ‘హక్కు’ అను మాటను మొదట వ్రాసినవారెవరు అను విషయములు ఆ కాగితములనుండియే తేలవలెను. ఆ మాటను మన భాషలో తొలిసారి వ్రాసిన బడిపంతులు పేరు దొరకినచో, దానిని గాగిన్ పేరు ప్రక్కన వ్రాయవచ్చును.